విశాఖలో సభలు, పత్రికలలో వార్తలు

దినపత్రికలో విశాఖపట్టణపు పుటను తెరచి చూచినచో, ఒక మూల, బంగారము ధరకును విద్యుత్తు నిలుపుదల ప్రకటనకును నడుమ, ‘నగరములో నేడు’ అను చిన్న శీర్షిక కనబడును. పత్రికను బట్టి పేరు మారవచ్చును గాని సరుకు ఒక్కటే. సాయంకాలము ఆరు గంటలకు పిఠాపురం కాలనీ కళాభారతిలో గాత్ర కచేరి. ఆరు గంటలకే ద్వారకానగరు పౌర గ్రంథాలయములో కవితా సంపుటి ఆవిష్కరణ. ఆరున్నరకు సిరిపురము గురజాడ కళాక్షేత్రములో నృత్య ప్రదర్శన. రాత్రి బురుజుపేటలో హరికథ. ఇట్టివి నాలుగైదు పంక్తులు. ఆరు గంటలనగా ఆరున్నర యని ఊరివారికి తెలియును. ముఖ్య అతిథి మంత్రివర్యులైనచో ఏడున్నర యనియు తెలియును. ఎక్కువమంది పాఠకుల చూపు ఆ మూలకు పోదు. పోయినను, తమకు తెలిసినవారి పేరున్నదా యని వెదకి మరలి వచ్చును.

నాకు మాత్రము ఆ నాలుగు పంక్తులే పత్రికలో ముందుగా చదువదగినవని తోచును. రాజకీయ వార్తను నూరుమంది వ్రాయుదురు. నేడు కాకున్న రేపైనను అది ఏదో యొక గ్రంథమున కెక్కును. బురుజుపేట హరికథకు ఆ ఒక్క పంక్తి తప్ప వేరొక సాక్ష్యము లేదు. యాబది ఏండ్ల తరువాత ఈ నగరపు కళాచరిత్రను వ్రాయ బూనినవానికి, ఆ పంక్తి దొరకినచో ఆ కథ జరిగినట్లు, దొరకకున్న జరుగనట్లే.

ఇది అతిశయోక్తి కాదనుటకు సింహాచలము కొండ యెక్కి చూచిన చాలును. ఆ దేవాలయమున గోడలపైనను స్తంభములపైనను వందలకొలది శాసనములున్నవి. కళింగ దండయాత్రలో 1516లో అచ్చటికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు స్వామికి సమర్పించిన కానుకల శాసనము అందరును ఎరిగినదే. కాని సాహిత్య విద్యార్థికి అంతకంటె ప్రియమైనవి చిన్నచిన్న శాసనములు. అఖండ దీపమునకు ఎవరేమిచ్చిరో, నివేదన కేమి యేర్పాటో, ఆటపాటలవారికి ఏపాటి బత్తెమో అందు చెక్కబడి యున్నవి. చెక్కించినవాడు చరిత్రకారుడు కాడు. ఇచ్చిన సొమ్ము పక్కదారి పట్టకుండ లెక్క నిలువవలెనని మాత్రమే అతని తాపత్రయము. ఆ తాపత్రయమే నేడు మనకు చరిత్ర. ఆ కాలమున గుడిలో పాట యుండెననియు, పాడినవారికి జీతముండెననియు మనము ధైర్యముగా చెప్పగలుగుచున్నామన్నచో ఆ లెక్కల చలువయే. రాయి తరువాత తాటాకు, తాటాకు తరువాత కాగితము వచ్చినవి. లెక్క వ్రాసిపెట్టు పని ఇప్పుడు పత్రికది.

ఆ పని ఎట్లు సాగుచున్నదో చూతము. ముందునాటి ప్రకటన యొక్క మంచిచెడ్డలు అటుంచి, మరునాటి వార్తను తీసికొందము. కళాభారతిలో ఒక గాయని పాడినదనుకొనుడు. వార్త ఇట్లుండును. మొదట అధ్యక్షత వహించినవారి పేరును, వారి హోదాయును. పిదప ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. (ఈ నలువురికిని గల తారతమ్యమును నిర్ణయించు లక్షణ గ్రంథ మేదైన నున్నచో పాఠకులు తెలుపగలరు.) వీరందరును కలసి జ్యోతిని వెలిగించిరి. కళలను కాపాడుకొను బాధ్యత ప్రతి యొక్కరిపైన ఉన్నదని వక్కాణించిరి. గాయనికి శాలువ కప్పి జ్ఞాపిక నిచ్చిరి. సంస్థ కార్యదర్శి వందన సమర్పణ చేసెను. కట్టకడపట ఒక్క వాక్యము: అనంతరము జరిగిన కచేరి శ్రోతలను అలరించినది.

ఆ ‘అలరించినది’ అను మాట యొద్ద నాకు ప్రతిసారియు కాలు ఆగును. అలరు అనగా పువ్వు. అలరుట యనగా వికసించుట, ఆనందించుట. మన ప్రబంధకవులు ఎంతో యొడుపుగా వాడుకొన్న మాట యిది. పూవు విచ్చినట్లు మనస్సు విచ్చుట యను భావము దాని కడుపులో నున్నది. అట్టి మాటను వారమునకు పదిమార్లు అచ్చువేసి, చేతులు మారిన కాసువలె నునుపు చేసి, ఇప్పుడు దానిపై ఏ ముద్రయును కనబడని స్థితికి తెచ్చితిమి. సంగీతము అలరించును, నాట్యము కనులపండువు చేయును, నాటకము రక్తి కట్టించును, ఉపన్యాసము మంత్రముగ్ధులను చేయును. విశాఖలో పాడిన ప్రతివారును సమానముగా అలరించిరన్నచో, ఒక్కరును అలరింపలేదనుటయు దానికి దూరము కాదు.

ఆమె యేమి పాడినది? వర్ణముతో మొదలుపెట్టినదా? విస్తరించిన రాగమేది? త్యాగరాజ కృతులే పాడినదా, దీక్షితులవారి దేదైన యెత్తుకొన్నదా? తనియావర్తనము ఎంతసేపు సాగినది? అన్నిటికి మించి, వయొలిను మీద ఎవరు, మృదంగము మీద ఎవరు? నాలుగు విధముల అతిథుల పేర్లును ఇంటిపేర్లతో సహా అచ్చైన వార్తలో, రెండున్నర గంటలు గాయని వెనువెంట నడచిన వయొలిను విద్వాంసుని పేరుకు చోటు లేకపోయినది. పక్కవాద్యము వానిని పక్కకు నెట్టుటలో మన పత్రికలు మన సభలను మించినవి.

పుస్తకావిష్కరణ వార్త దీనికి కవల. ఆవిష్కరించినవారు, తొలిప్రతిని స్వీకరించినవారు, సమీక్షించినవారు, కృతిభర్త, వేదిక నలంకరించిన పెద్దలు. ఫోటోలో పదిమంది పది ప్రతులను గుండెల కెదురుగా పట్టుకొని నిలుతురు. పుస్తకము పద్యమో వచనమో, దాని యందలి విషయ మేమో, వెల యెంతో, ఎచ్చట దొరకునో ఆ వార్త వలన తెలియుట దుర్లభము. సమీక్షకుడు పది దినములు కూర్చుండి చదివి, ఒక మంచి మాట, ఆ కవిని గూర్చి అదివరకెవ్వరును చెప్పని మాట, చెప్పియుండవచ్చును. అది ఆ మేడమీది గదిలో పుట్టి, కిటికీలోనుండి సముద్రపు గాలిలో కలసిపోవును.

ఈ తప్పు విలేఖరిది మాత్రమే యని నేననను. అతని సాయంకాలము నెరిగినవారు అట్లనరు. ఒక్క సాయంత్రమున అతనికి నాలుగు సభలు, నడుమ ఒక రోడ్డు ప్రమాదము, ఒక ధర్నా. గాజువాక నుండి సిరిపురము రావలెను. పుట మూతపడు వేళకు వార్త పంపవలెను. సభలో ఉపన్యాసములు ఏడున్నరకు ముగియును. కచేరి ఏడున్నరకు మొదలగును. విలేఖరి ఏడుంబావుకు వెడలిపోవును. అతడు చూచినది జ్యోతి ప్రజ్వలనము, చూచినదే వ్రాసెను. చూడని కచేరిని గూర్చి ‘అలరించినది’ అనుట తప్ప అతడేమి వ్రాయగలడు? కనుక దోషము కలములో కంటె గడియారములో ఎక్కువ గలదు.

నిర్వాహకులను గూర్చియు ఒక మాట చెప్పవలెను. విశాఖలోని సాహిత్య సంగీత సంస్థలు పెక్కు ఉద్యోగ విరమణ చేసిన పెద్దల రెక్కల కష్టము మీద నడచుచున్నవి. ఆహ్వానపత్రములు సంచిలో పెట్టుకొని, బస్సు మీద పత్రికా కార్యాలయముల చుట్టు తిరుగువారు వారు. హాలు అద్దె, మైకు అద్దె, కళాకారుల దారిఖర్చులు ఎవరో యొకరు ఇచ్చిననే సభ జరుగును. ఇచ్చినవాని పేరు పత్రికలో రాకున్న, వచ్చు సంవత్సరము అతడు ఇయ్యడు. శాలువలును, అతిథులును, ఫోటోలును ఆ లెక్కలోనివి. కనుక దాతల పేర్లు తీసివేయుడని చెప్పుట సుఖముగా ఇంట కూర్చున్నవాని మాట. పేర్లుండనిండు. వానితో పాటు పాటయు ఉండవలెనని మాత్రమే నా మనవి. సింహాచలము శాసనములలో దాత పేరు లేదా? ఉన్నది. దేనికిచ్చెనో అదియు ఉన్నది.

ఈ లోపము అన్ని యూళ్ళయందును ఉన్నదే కదా, విశాఖను గూర్చి ఇంత వేదన యేల యని అడుగవచ్చును. కారణము కలదు. విశాఖపట్టణము విజయనగరము వంటిది కాదు. విజయనగరమునకు సంస్థానముండెను. 1892లో కన్యాశుల్కము మొదట రంగమెక్కినది అచ్చట. 1919లో సంగీత కళాశాల వెలసినది అచ్చట. ఆదిభట్ల నారాయణదాసుగారును, ద్వారము వెంకటస్వామినాయుడుగారును ఆ కళాశాల నలంకరించినారు. సంస్థానమన్న తరువాత కోటలో కాగితములుండును, దివాణపు లెక్కలుండును, దొరలకు వ్రాసిన లేఖలుండును. గురజాడవారు దినచర్యలు వ్రాసికొనిరి. అవి యెంత అరకొరగా మిగిలినను మిగిలినవి.

విశాఖకు ఆ భాగ్యము లేదు. ఇది ఓడల రేవు, కోర్టుల ఊరు, కళాశాలల ఊరు. ఇచ్చటి సాహిత్యమునకు రాజు లేడు, చందాదారు కలడు. ఇచ్చటి కళ సభ చుట్టు పెరిగినది: పాతనగరములో బొబ్బిలి రాజావారి పేర నిలిచిన టౌన్‌హాలు, పఠన మందిరములు, నాటక సమాజములు, కళాశాలల వేదికలు. 1928లో పదునెనిమిదేండ్ల శ్రీశ్రీ తొలి కావ్యము ‘ప్రభవ’ వెలువడినది ఏ జమీందారు కృతిభర్తృత్వముననో కాదు. కవితా సమితి యను విశాఖ యువకుల సంఘము దానిని ప్రచురించెను. ఆ సమితి కూడిన సాయంకాలములలో ఎవరేమి చదివిరో, ఎవరెవరిని ఆక్షేపించిరో, పిదప కాలమున పాల్గొన్నవారు తలచుకొని వ్రాసినంత వరకే మనకు తెలియును. జ్ఞాపకము మీద వ్రాసినది జ్ఞాపకమంతే నమ్మదగినది.

1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ నుండి వాల్తేరునకు తరలివచ్చిన తరువాత ఊరి స్వరూపమే మారినది. కట్టమంచి రామలింగారెడ్డిగారును, నడుమ సర్వేపల్లి రాధాకృష్ణగారును ఉపాధ్యక్షులుగా నుండిరి. గ్రంథాలయాధికారిగా అబ్బూరి రామకృష్ణారావుగారు, రిజిస్ట్రారుగా కూర్మా వేణుగోపాలస్వామిగారు నాటకము మీద ప్రాణము పెట్టినవారు. కళాశాలల మధ్య నాటక పోటీలను పెంచి, ఆరుబయలు రంగస్థలము మీద క్రొత్త పద్ధతుల ప్రదర్శనము లిప్పించి, పద్యనాటకపు రాగాలాపనకు అలవాటుపడిన చెవులకు మాటలాడు నాటకమును అలవాటు చేసిరి. ఆధునిక తెలుగు రంగస్థలము యొక్క చరిత్రలో ఇది చిన్న ఘట్టము కాదు.

ఆ నాటకములను గూర్చి పరిశోధన చేయబూనిన విద్యార్థికి దొరకునది యేమి? నాటకము పేరు దొరకును, రచయిత పేరు దొరకును, బహుమతి వచ్చినచో ఆ సంగతి దొరకును. దీపము లెట్లు అమర్చిరి, తెర లెన్ని, నటుడు మాటను ఏ స్థాయిలో పలికెను, ప్రేక్షకులు ఎచ్చట నవ్విరి, ఎచ్చట విసుగుకొనిరి: నాటకమును నాటకముగా నిలుపు ఈ సమాచారము దొరకదు. మా విద్యార్థు లిట్టి పనిమీద పాత పత్రికల కట్టలు తిరుగవేసి దుమ్ముతో వచ్చినప్పుడు, వారి పుస్తకములలో నేను చూచునది అధ్యక్షుల పట్టిక. నాటకమును గూర్చి సిద్ధాంత వ్యాసము వ్రాయుటకు కూర్చున్నవాడు అధ్యక్షులను గూర్చి వ్రాయవలసి వచ్చుచున్నది. పాపము, వ్రాయుచున్నారు కూడ.

అదే కాలమున జరిగిన ఇతర సంగతులను చూడుడు. 1933లో రేవులోనికి తొలి ఓడ ‘జలదుర్గ’ వచ్చుట, 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు వేయుట, 1948లో ‘జల ఉష’ను నెహ్రూగారు నీటిలోనికి దింపుట, 1966 నవంబరు 1న ఉక్కు కర్మాగారపు ఉద్యమములో కాల్పులు, వీనికి తేదీలున్నవి, వివరములున్నవి. ఊరు ఏ దినమున ఏడ్చినదో తెలియును; ఆ వారములోనే ఏ నాటకమునకు నవ్వినదో తెలియదు.

సభను గూర్చిన సమాచారము నిలిచినచో ఎంత మేలు జరుగునో చూపుటకు విశాఖలోనే ఒక దృష్టాంతము కలదు. 1970 ఫిబ్రవరి మొదటి దినములలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఉత్సవము ఇచ్చట జరిగినది. రచయితలారా, మీరు ఏ పక్షమున నిలుతురో తేల్చుకొనుడని నిలదీయుచు విశాఖ విద్యార్థుల పేర ఒక కరపత్రము ఆ సభలలో చేతులు మారినది. ఆ సంవత్సరమే జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘము ఏర్పడినది. ఆ సంఘపు దారిని మెచ్చువారును మెచ్చనివారును కలరు. అది వేరు సంగతి. ఒక్క కాగితపు ముక్క తెలుగు సాహిత్యములో ఒక దశకమును మలుపు త్రిప్పినదని మాత్రము ఇరుపక్షములవారును ఒప్పుకొందురు. మనకా సంగతి యెట్లు తెలియును? ఆ సభలో ఎవరు జ్యోతి వెలిగించిరో ఎవరికిని జ్ఞాపకము లేదు. సభలో పుట్టిన మాట యేమో, దానికి ఎవరెట్లు బదులు చెప్పిరో, ప్రేమతోనో కోపముతోనో చాలమంది వ్రాసిపెట్టిరి. అందువలన తెలియును. తక్కిన వేలాది సాయంకాలములకు అట్టి ప్రేమగాని కోపముగాని దొరకలేదు.

పత్రికల వైపు నుండి చూచినను ఇదొక విచిత్ర కథ. 1950ల తొలినాళ్ళలో ఆంధ్రపత్రికయు ఆంధ్రప్రభయు మద్రాసులో అచ్చై, రైలులో విశాఖకు వచ్చెడివి. వార్త చల్లారి చేతికందెడిది. విశాఖ సభను గూర్చిన వార్త కూడ మద్రాసు పోయి, అచ్చై, తిరిగి రావలెను గనుక, పంపువాడు ఆలోచించి పంపెడివాడు. ఆ దూరములో ఒక ప్రయోజనముండెను: ఒకసారి అచ్చైనదన్న విశాఖవానితో పాటు కడపవాడును, బరంపురము తెలుగువాడును, మద్రాసువాడును చదివెడివారు. 1974 ఆగస్టు 10న విశాఖలోనే ‘ఈనాడు’ మొదలైనది. తెల్లవారుసరికి ఇంటి గుమ్మములో పత్రిక యుండుట ఈ యూరికి అప్పుడు అబ్బిన సుఖము. 1989లో ఆ పత్రికయే జిల్లా అనుబంధములను ప్రవేశపెట్టగా, క్రమముగా తక్కిన పత్రికలును ఆ దారి పట్టినవి. స్థానిక వార్తలకు వర్షాకాలపు చెరువువలె చోటు పెరిగినది. వీధి చివరి పంపు పాడైనను పుటకెక్కినది. వీధి చివర బాలిక నాట్యమాడినను ఎక్కినది. ఇందు నిందింపదగిన దేదియు లేదు.

కాని చెరువుకు గట్టుండును. జిల్లా అనుబంధము జిల్లా దాటదు. విశాఖలో ఒక విద్వాంసుడు జీవితకాలపు పరిశోధనను ఒక ప్రసంగముగా చెప్పినచో, ఆ వార్త కాకినాడకు పోదు. తెనాలిలో మంచి నాటకమాడినచో విశాఖవారికి తెలియదు. తెలుగు పత్రికల కాగితము పెరిగినకొలది తెలుగువారి కళాలోకము జిల్లాలుగా విడిపోయినది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలనే మరల విభజించిరి గదా! గురజాడ అప్పారావుగారు పుట్టిన సర్వసిద్ధి రాయవరము ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లాకొక పుట అను లెక్క చొప్పున, ఆయన జన్మస్థలములో జరుగు జయంతి పొరుగు జిల్లా వార్త. ఆయన పేర సిరిపురములో నున్న కళాక్షేత్రములో జరుగు జయంతి మన వార్త. 2020లో మహమ్మారి వచ్చి పత్రికలు సన్నబడినప్పుడు, అనుబంధములు చాలవరకు ప్రధానపత్రిక లోపలి పుటలుగా కుదించుకొనినవి. పుటలు తగ్గినప్పుడు మొదట ఎగిరిపోవునది బంగారము ధర కాదు.

ఇంతవరకు హాలులో కుర్చీలు వేసి జరుపు కళలను గూర్చి చెప్పితిని. కుర్చీలు లేని కళల పాలు ఇంకను దీనము. మార్గశిర మాసమున బురుజుపేట కనకమహాలక్ష్మి యుత్సవములకు వచ్చు జనములో ఎందరో జానపద కళాకారులుందురు. గుండెకు తప్పెట కట్టుకొని, అడుగు అడుగుకు గజ్జె మ్రోయించుచు ఆడు తప్పెటగుళ్ళవారును, జముకు మ్రోగించి కథ చెప్పు జముకులవారును, తూర్పు భాగవతులును ఉత్తరాంధ్రకు సొంతమైన ఆస్తి. వీరు పత్రికలో ఎప్పుడు కనబడుదురు? ప్రభుత్వ మేదైన ఉత్సవము చేసి, సముద్రతీరమున వేదిక కట్టి, ప్రముఖులకు స్వాగతము చెప్పుటకు పావుగంట ఆడించినప్పుడు. అప్పుడును ఫోటో క్రింద ‘సంప్రదాయ నృత్యము’ అని యుండును. జట్టు పేరుండదు, ఊరి పేరుండదు, గురువు పేరుండదు. గంటలకొలది సాగు కథను ఊరిలో చెప్పునప్పుడు అచ్చటికి పోయి, ఎవరి కథ చెప్పిరి, ఎంతమంది కూర్చుండిరి అని వ్రాసినవారు ఎందరున్నారు?

వంగపండు ప్రసాదరావుగారి జీవితమును తలచుకొన్న ఈ మాట బాగుగ అర్థమగును. 1943లో పార్వతీపురము వైపు పుట్టి, విశాఖ ఓడల కర్మాగారములో పనిచేసి, ఉత్తరాంధ్ర పల్లెల బాణీలను, నుడికారమును పాటలోనికి తెచ్చి, తెలుగునాట ఇంటింట తెలిసినవారైరి. 2020 ఆగస్టులో ఆయన మరణించినప్పుడు పత్రికలు పుటలు కేటాయించినవి. మంచిదే. కాని ఆయన పాట మెరుగులు దిద్దుకొన్నది హాళ్ళలో కాదు. పనివారి నడుమను, పల్లెల బహిరంగ సభలలోను. ఆ సభలను గూర్చి దినదినము అచ్చైన వార్తలలో వక్తల పేర్లు కలవు. ‘సాంస్కృతిక కార్యక్రమములు జరిగినవి’ అను వాక్యము కలదు. ఏ పాట ఎప్పుడు పుట్టినది, మొదట ఎచ్చట పాడబడినది, జనము పాడుచు పాడుచు ఏ చరణమును మార్చిరి, ఇవి ఆ ‘కార్యక్రమముల’ క్రింద పూడిపోయినవి.

ఇప్పుడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది గదా, సభయంతయు చిత్రించి యూట్యూబులో పెట్టుచున్నారు గదా, ఇంక వార్తతో పని యేమి అనువారున్నారు. ఆ చిత్రములను నేనును చూచుచుందును. ముందువరుసలో లేచి నిలుచున్నవారి వీపు, ఊగుచున్న కెమెరా, మైకు గురక, వీనిని ఓర్చుకొన్నచో కొంత పాట వినవచ్చును; విన్నందుకు సంతోషమే. కాని దాని క్రింద పేరు ‘ప్రోగ్రాము రెండవ భాగము’ అని యుండును. తేదీ యుండదు, కళాకారుల పేర్లుండవు. పేరు లేని ఫైలు పేరు లేని శవము వంటిది. ఎవరును వచ్చి నాదనరు. ఫోను మారినప్పుడు కొన్ని పోవును, ఖాతా మూసినప్పుడు కొన్ని పోవును. రెండుగంటల చిత్రమునకు సైతము నాలుగు పంక్తుల వ్రాత తోడున్ననే వెదకువానికి దొరకును.

వెదకి కూర్చుటలో ఒక వ్యక్తి యెంత చేయగలడో మన కళ్ళయెదుట చేసి చూపినవారు కాళీపట్నం రామారావు మాస్టారు. విశాఖ సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా లెక్కలు చెప్పినవారు. 1995లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి సొమ్ముతో పూనుకొని, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళములో కథానిలయమును ప్రారంభించిరి. తెలుగు కథ అచ్చైన ప్రతి పత్రికను, ప్రతి సంచికను, చిల్లర కొట్టువాడు పొట్లము కట్టకముందే పట్టి తెచ్చుట ఆయన పట్టుదల. 2021లో ఆయన పోయిరి. కథానిలయ మున్నది, అందలి కథలు ఇప్పుడు అంతర్జాలములో ఎవరైనను చదువవచ్చును. తెలుగు కథకు లెక్కల మాస్టారు దొరకెను. విశాఖ సభకును, కచేరికిని, నాటకమునకును అట్టివారు దొరకవలసి యున్నది. కథయైన అచ్చులో పుట్టును గనుక ఎచ్చటనో యొకచోట మిగిలి యుండును. పాటకు ఆ ధీమా లేదు. నారాయణదాసుగారు కథ చెప్పిన తీరును మనము విన్నవారి వ్రాతల వలననే ఊహించుకొనుచున్నాము. వారు వ్రాయకుండినచో ఆ ఊహయును లేదు.

చేయదగిన పని పెద్దది కాదు. విలేఖరి కచేరి ముగియువరకు ఉండలేడని ఒప్పుకొంటిమి. ఉండగలవారు ఊరిలో నున్నారు. విశ్వవిద్యాలయమున తెలుగు శాఖయు, సంగీత శాఖయు, రంగస్థల శాఖయు కలవు. నగరములోని కళాశాలలలో తెలుగు చదువు విద్యార్థులు కలరు. ప్రతి సభకు ఒక విద్యార్థి పోయి, కడవరకు కూర్చుండి, ఒక పుట వ్రాసి తెచ్చుట వారి చదువులో భాగము కావచ్చును. ఛందస్సులో గణవిభజన చేయించుచున్నాము. చెవితో విన్నదానిని పది వాక్యములలో చెప్పుట అంతకంటె తక్కువ విద్య కాదు. అందులో రెండు వాక్యములు ఏ పత్రికయైనను వేసికొనవచ్చును. ‘అలరించినది’ అను వాక్యమునకు పట్టు చోటే వానికిని చాలును. పూర్తి పుట మాత్రము పౌర గ్రంథాలయములోనో, కళాభారతిలోనో, దాబాగార్డెన్సు అల్లూరి సీతారామరాజు విజ్ఞాన కేంద్రములోనో ఒక లావుపాటి పుస్తకములో అంటించి యుంచవలెను. ఆహ్వానపత్రమును దానికే కుట్టవలెను. నేడు చెత్తబుట్టకు పోవు ఆహ్వానపత్రములే రేపటి తాళపత్రములు.

ఆ పుటలో ఏమేమి యుండవలెనో నాకు తోచినది చెప్పుచున్నాను. పెద్దలు సవరింతురు గాక. తేదీ, స్థలము, మొదలైన వేళ (ప్రకటించిన వేళ కాదు). కళాకారులందరి పేర్లు, పక్కవాద్యములవారితో సహా; నాటకమైనచో దీపములవాని పేరు, తెరలవాని పేరు కూడ. పాడిన కృతులు వరుసగా, రాగతాళములతో. తెలియనిచో కచేరి తరువాత వేదిక యెక్కి అడుగవలెను, విద్వాంసులు సంతోషముగా చెప్పుదురు. ప్రసంగమైనచో వక్త చెప్పిన క్రొత్త మాట ఒక్కటి. క్రొత్త మాట లేనిచో లేదని. అతిథుల పేర్లకు కడపట ఒక పంక్తి. వచ్చినవారెందరో తలలు లెక్కపెట్టి వ్రాయవలెను. ‘కిక్కిరిసిన సభ’ అని వ్రాయరాదు. ఆ దినమున తుపాను వాన కురిసి, హాలులో పదునేడుగురే యుండి, వారిలో నలుగురు నిర్వాహకులైనచో, ఆ పదునేడు అంకెయే, ఆ నలుగురి సంగతియే అందు పడవలెను.